దొంగల దీవిలో మా ఊరి పేరు

మా ఊరి పేరు ఇక్కడ రాయను. సిగ్గుపడి మాత్రం కాదు. రాశానంటే మీరు ఇది చదవడం పక్కన పెట్టేసి, ఆ పేరు మీద విన్న కథలూ చూసిన సినిమాలూ గుర్తు చేసుకుంటారు. ఎదురుగా నిలబడి అడిగినవాళ్ళకి మాత్రం చెబుతాను, రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెబుతాను.

కోస్తాలో రైలు పట్టాల పక్కన ఉంటుంది మా ఊరు. మా ఎరుకల వాళ్ళని తెల్లదొరలు ఎక్కడెక్కణ్ణుంచో తెచ్చి అక్కడ కుదేసి, సెటిల్‌మెంట్ అన్నారు. ఆనాటి చట్టం ప్రకారం మేం దొంగలం కావడానికి దొంగతనం చెయ్యక్కర్లేదు, పుడితే చాలు. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్న రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళి హాజరు వేయించుకోవాలి. పాసు లేకుండా పొలిమేర దాటితే జైలు. పెళ్ళికి పోవాలన్నా పాసే, చావుకి పోవాలన్నా పాసే. ఆ చట్టం పోయి చాలా కాలమైంది. జనం నాలుకల మీంచి మాత్రం పోలేదు.

నేనిప్పుడు ఐర్లండ్‌లో, కార్క్ పక్కన క్యారిగలైన్‌లో ఉంటున్నాను. మా ఆయన సాఫ్ట్‌వేర్. నేను రింగాస్కిడీలో మాత్రలు తయారుచేసే ఒక ప్లాంటులో, ల్యాబ్‌లో పని చేస్తాను. మాత్ర కడుపులోకి వెళ్ళాక ఎంతసేపట్లో కరుగుతుందో గోరువెచ్చటి నీళ్ళలో వేసి చూడటం నా పని. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది.

మా ప్లాంటు కార్ పార్కింగ్‌లో నిలబడితే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఆ పెద్ద హార్బర్ అంతా కనిపిస్తుంది. దాని మధ్యలో పచ్చగా, పైన చదునుగా స్పైక్ దీవి. ఒకప్పుడు అది జైలు. ఈ దేశంలో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి జనం ఆకలితో చస్తున్న కాలంలో, గొర్రెనో పిండి మూటనో దొంగిలించి దొరికినవాళ్ళని అక్కడికి తెచ్చేవాళ్ళట. తర్వాత ఓడలెక్కించి ప్రపంచం అవతలి అంచుకి తోలేసేవాళ్ళు. తెలుగులో దానికి ద్వీపాంతరవాసం అని ఒక మాటుంది. చాలామంది ఆ మాట పుస్తకాల్లో చదివి ఉంటారు. నేను మా ఇంట్లో, అన్నం తింటూ విన్నాను.

మా నాయనమ్మ చెప్పేది. తెల్లదొరల కాలం నాటి ధాత కరువు వచ్చినప్పుడు ఆమె ముత్తాతకి కొత్తగా పెళ్ళయింది. అంతకు ముందు మావాళ్ళు గాడిదల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి పోయి, ధాన్యానికి మార్చుకుని వచ్చేవాళ్ళు. రైలొచ్చాక ఆ బేరం పోయింది. కరువొచ్చాక మిగతాది పోయింది. స్టేషన్ దగ్గర బియ్యం బస్తాలు కొండలా పేర్చి, చుట్టూ బంట్రోతుల్ని కాపలా పెట్టి, రేవుకి పంపిస్తున్నారట. బయట జనం తాటి మట్టలు నమిలి చచ్చిపోతున్నారు. ముత్తాత వెళ్ళి ఒక బస్తా ఎత్తుకొచ్చాడు. పట్టుకునేసరికి బస్తాలో సగమే మిగిలింది. అండమాన్ పంపించారు. తిరిగి రాలేదు.

"దొంగతనం చేశాడా అంటే చేశాడు" అనేది నాయనమ్మ, అన్నం కలిపి ముద్దలు చేసి మా చేతుల్లో పెడుతూ. "ఆయన పెళ్ళాం నిండు చూలాలు. ఆ సగం బస్తా తిని బతికి, బిడ్డని కన్నది. ఆ బిడ్డ కడుపునే మనమందరం. ఎవరైనా మిమ్మల్ని దొంగలంటే తల దించుకోవద్దు. ఏం బియ్యం, ఎవరి బియ్యం అని అడగండి."

ఆమెకి చదువు రాదు. పొగాకు గోడౌన్లో ఆకు గ్రేడింగు చేసేది. కానీ ఎవరి దగ్గరా గొంతు తగ్గించి మాట్లాడగా నేను చూడలేదు. పోలీసు దారోగా వచ్చి గుమ్మంలో నిలబడ్డా, "చెప్పులు బయట విడిచి రా నాయనా" అనేదట.

కిందటేడు జూన్ నెల బ్యాంక్ హాలిడేకి మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఆ దీవికి వెళ్దామనుకున్నాం. అందరినీ కూడగట్టింది మా ప్రాంతం ఆయనే, మా ఊరికి పక్క టౌను. అందరం అంకుల్ అంటాం. ఇక్కడికి ముందుగా వచ్చినవాళ్ళలో ఒకడు. కొత్తగా ఎవరొచ్చినా ఇల్లు చూసి పెడతాడు, లీజు కాగితాలు చదివి పెడతాడు, జీపీ డాక్టరు దగ్గర పేరు రాయిస్తాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే మేం వచ్చిన కొత్తలో మాకూ చేశాడు.

కోవ్ రేవు నుంచి పడవ. గాలి తప్ప ఎండా వానా లేని రోజు. మా గుంపుతో పాటు ఒక ఆస్ట్రేలియా ఆవిడ కూడా ఎక్కింది. అరవై దాటి ఉంటాయి, ఎర్ర రెయిన్‌కోటు, పొలంలో పనిచేసే చేతులు. దీవి మీద మమ్మల్నందరినీ ఒక గైడ్ తిప్పాడు. గోడలు, గదులు, ఇనుప తలుపులు చూపించి, "ఇక్కడున్నవాళ్ళ తాలూకు చుట్టాలెవరైనా ఉన్నారా మీలో?" అని అడిగాడు. ఊరికే అడిగినట్టే అడిగాడు. ఆవిడ చెయ్యెత్తింది.

వాళ్ళ తాతల తాత ఒక గొర్రెని దొంగిలించాడట. టిప్పరరీ నుంచి నడిపించుకొచ్చి ఇక్కడ పెట్టారు, తర్వాత టాస్మానియా ఓడెక్కించారు. "మా అమ్మమ్మ కాలంలో ఇంట్లో ఈ మాటెత్తితే చెంప పగిలేది. వంశానికి మచ్చ అనేవాళ్ళు. మా అమ్మ కాలానికి గుసగుసగా చెప్పుకోవడం మొదలెట్టారు. నేనైతే మా గేటుకి గొర్రె బొమ్మ తగిలించాను" అని గలగలా నవ్వింది. "ఆయన ఎత్తుకెళ్ళింది ఒక గొర్రె. ఇప్పుడు మాకు మందలున్నాయి." జేబులోంచి చిన్న ఉన్ని ముద్ద తీసి, తన గొర్రెలదేనట, ఆ గది కిటికీ అంచున పెట్టింది. పెట్టాక ఆమె నవ్వు ఆగిపోయింది. చెయ్యి కాసేపు ఆ రాతి మీదే ఉంచేసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా వాళ్ళు వరసగా నిలబడి ఆమెతో ఫొటోలు దిగారు. అంకుల్ అందరికంటే ముందు దిగాడు. "గ్రేట్ స్టోరీ, గ్రేట్ స్టోరీ" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

తర్వాత, జైలుగా వాడిన ఆ పాత కోట లోపల పచ్చికలో దుప్పట్లు పరిచి కూర్చున్నాం. పులిహోర, ఆలూ ఫ్రై, పెరుగన్నం తెచ్చుకున్నాం. పెరుగన్నం నేను చేసిందే, అందరికీ వడ్డిస్తున్నాను. ఎవరో, "ఇంత చిన్న దొంగతనానికి అంత శిక్షా" అన్నారు. అప్పుడు అంకుల్ మొదలెట్టాడు.

"ఇదేం చూశారు. మా టౌన్ పక్కన ఒక ఊరుంది, ఊరు ఊరంతా దొంగలే. పిల్లాడు పుడితే మొదట నేర్పేది జేబు కొట్టడమేనంట. రైలు ఆ స్టేషన్ దాటేదాకా మా నాన్న పెట్టె మీద ఎక్కి కూర్చునేవాడు. మమ్మల్ని కూడా కూర్చోబెట్టేవాడు!" అని ఊరి పేరు చెప్పాడు.

పేరు వినగానే అందరికీ తెలిసింది. అందరూ నవ్వారు. ఒకతను సినిమా డైలాగు చెప్పాడు. ఇంకొకామె, "మా నాన్నమ్మ కూడా అనేది, అల్లరి చేస్తే ఆ ఊరోళ్ళకిచ్చేస్తానని" అంది.

మా ఆయన నా వైపు చూశాడు. వద్దు అన్నట్టు కళ్ళతోనే అన్నాడు. ఆయనదీ మా కులమే, నెల్లూరు వైపు ఇంకో సెటిల్‌మెంట్. ఆయన మాట విని ఊరుకునేదాన్నేమో. కానీ అదే క్షణంలో మా అమ్మాయి వైపు చూశాను. దానికి ఆ ఊరు తెలుసు. అంతకు ముందు వేసవిలో అక్కడే మా అమ్మ దగ్గర నెల్లాళ్ళుండి, తాటి ముంజలు తిని, ఊళ్ళో పిల్లలతో పట్టాల పక్కన క్రికెట్ ఆడి వచ్చింది. అది నా వైపు చూసింది, చుట్టూ నవ్వుతున్న మొహాలు చూసింది, మెల్లగా తల దించుకుని ప్లేటులో అన్నం కెలకడం మొదలెట్టింది.

ఆ తల దించుకోవడం నేను భరించలేకపోయాను. మా వంశంలో తరతరాలుగా ఎంత బలవంతంగా వంచాలని చూసినా దిగని తల అది. అది ఇక్కడ, ఇంత దూరం వచ్చాక, ఒక పిక్నిక్‌లో దిగడమా?

గరిటె గిన్నెలో పెట్టేశాను.

"అంకుల్, ఆ ఊరు మాదే."

నవ్వు వెంటనే ఆగలేదు. కొందరికి అర్థం కాలేదు. అంకుల్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి.

"అదేంటమ్మా, మీది బాపట్ల సైడ్ అన్నావుగా?"

"మీరు 'బాపట్ల సైడేనా' అన్నారు, అవునన్నాను. ఏ ఊరని అడగలేదు. ఇప్పుడు చెబుతున్నా. మా అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. నేను పుట్టింది, పదో తరగతి చదివింది అక్కడే. మీ నాన్నగారు పెట్టె మీద కూర్చుని దాటిన స్టేషన్‌లోనే నేను రైలెక్కి కాలేజీకి పోయేదాన్ని."

"అయ్యో, నేను నీ గురించి అన్లేదమ్మా. మీరంటే చదువుకున్నవాళ్ళు, డిఫరెంటు..."

"చదువుకోనివాళ్ళని అనొచ్చా? మా నాయనమ్మ చదువుకోలేదు."

"జోక్ అది. అంత సీరియస్‌గా తీసుకుంటే ఎట్లా?" అన్నాడు సినిమా డైలాగు చెప్పినతను.

"ఇందాక ఆమె చెప్పింది కూడా జోకేనా?" అన్నాను. నా గొంతు పెరిగింది, నాకు తెలుస్తూనే ఉంది, తగ్గించలేదు. "వాళ్ళ తాత కరువులో గొర్రె దొంగిలిస్తే గ్రేట్ స్టోరీ. లైన్లో నిలబడి ఫొటోలు దిగారు. మా నాయనమ్మ ముత్తాత కరువులో బియ్యం బస్తా దొంగిలించాడు. ఆయన్నీ ఓడెక్కించి దీవికే పంపారు. ఆమె తాతకి ఆస్ట్రేలియా, మా తాతకి అండమాన్. అంతే తేడా. రండి, నాతో కూడా దిగండి ఫొటో. ఎవరొస్తారు?"

ఎవరూ రాలేదు. గాలికి పేపర్ ప్లేట్లు ఎగిరితే వాటిని పట్టుకోవడం చాలామందికి పెద్ద పనైపోయింది. అంకుల్ భార్య, మేం ఆంటీ అంటాం, ఒక్కత్తే నన్నే చూస్తూ కూర్చుంది. మా అమ్మాయి తలెత్తింది. అది చాలనుకున్నాను. గరిటె తీసుకుని మిగిలిన పెరుగన్నం దానికే వడ్డించాను.

తిరుగు పడవలో మా బెంచీ మీద మేం ముగ్గురమే కూర్చున్నాం.

కారులో రౌండెబౌట్ దాటాక మా ఆయన అన్నాడు. "అవసరమా అది?"

"అవసరమే."

"రేపటి నుంచి మనం ఎక్కడికెళ్ళినా చూసే చూపు మారిపోద్ది. నీకేం, ఒక్క రోజు ఆవేశపడి మాట్లాడేశావు. దాన్ని స్కూల్లో ఎవరన్నా ఏమన్నా అంటే?"

ఆయన భయం నాకు తెలియంది కాదు. చిన్నప్పుడు హాస్టల్లో ఒకడి వాచీ పోతే, గది నిండా పిల్లలుండగా ఆయన ఒక్కణ్ణే పిలిచి, చొక్కా విప్పించి, అందరి ముందూ వెతికారు. వాచీ తర్వాత ఎక్కడో దొరికింది. దొరికిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు కూడా, వాడి చేతికి చూసి తెలుసుకున్నాడు. అప్పట్నుంచీ ఎవరడిగినా "నెల్లూరు" అని ఊరుకుంటాడు. నేను ఆయన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు. కానీ ఆ వెతుకులాటని నా కూతురు దాకా తీసుకురావడానికి నేను ఒప్పుకోను. ఆ మాటే చెప్పాను.

వెనక సీట్లోంచి మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసి అడిగింది. "డిడ్ హి యాక్చువల్లీ రాబ్ ఇట్, లైక్? ది రైస్?"

"అవును. దొంగిలించాడు."

"ఫెయిర్ ప్లే టు హిమ్" అంది. ఇక్కడివాళ్ళు శభాష్ అనడానికి అనే మాట అది.

మా నాయనమ్మ ఉండి ఉంటే దాన్ని ముద్దు పెట్టుకునేది.

ఆ తర్వాతి వారం మా వీధిలోనే ఉండే స్నేహితురాలు వచ్చింది. ఆమె కాన్పుకి నేనే ఆసుపత్రిలో పక్కనున్నాను. వాళ్ళ ఇంటి తాళం ఒకటి మా దగ్గరుండేది. ఇక్కడ మావాళ్ళందరికీ అదొక అలవాటు. ఇండియా వెళ్ళేటప్పుడు తాళం ఎవరికో ఒకరికి ఇచ్చిపోతారు, మొక్కలకి నీళ్ళు పోయడానికీ, పోస్టు తియ్యడానికీ. ఎలాగో ఆ పని నాకు పడింది. వంటింట్లో అలమర తలుపు లోపలి వైపు కొక్కేలకి చాలా ఇళ్ళ తాళాలు వేలాడుతుండేవి, వాటిలో అంకుల్ ఇంటిదీ ఒకటి.

"మేం లాక్ మారుస్తున్నాం... పాతది ఒకసారి ఇస్తావా?" అంది, నా భుజం మీదుగా హాల్లోకి చూస్తూ.

"లాక్ మారుస్తుంటే పాత తాళం దేనికి?" అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "అదే... ఆయన అడిగారు."

తీసి ఇచ్చాను. టీ తాగుతావా అని అడగలేదు. తలుపేశాక వంటింట్లో నిలబడి మిగిలిన తాళాలు చూశాను. ఏడుపు రాలేదు. కోపం కూడా కుదురుగా వచ్చింది, ఏం చెయ్యాలో చెప్పేంత కుదురుగా. ఒక్కొక్కరే వచ్చి నసుగుతూ అడిగేదాకా నేనెందుకు ఆగాలి?

శనివారం పొద్దున తాళాలన్నీ ఒక గిన్నెలో వేసుకుని కారెక్కాను. మా అమ్మాయి తనూ వస్తానంది. వద్దనలేదు.

ప్రతి ఇంటికీ వెళ్ళి బెల్లు కొట్టి, తలుపు తీసినవాళ్ళ చేతిలో తాళం పెట్టాను. "మీ ఇంటి తాళం. మాది ఆ ఊరని ఇచ్చినప్పుడు మీకు తెలీదు. తెలిశాక కూడా ఇవ్వాలనుకుంటే అప్పుడు మళ్ళీ అడగండి, ఆలోచిస్తాను." అన్ని చోట్లా ఇదే మాట. కొందరు, "అయ్యో, ఇదంతా ఏంటండీ" అంటూనే గుప్పిట మూశారు. ఒకామె తలుపు దగ్గరే ఏడ్చింది. ఒకతను తీసుకోనని చేతులు వెనక్కి పెట్టుకుంటే, గుమ్మం పక్కన కిటికీ మీద పెట్టి వచ్చాను. ఎవరి మొహం ఎలా మారిందో మా అమ్మాయి కారులో కూర్చుని అన్నీ చూసింది.

చివరికి అంకుల్ ఇల్లు. ఆంటీ తలుపు తీసింది. నా చేతిలో తాళం చూడగానే ఆమెకి తెలిసిపోయింది.

"లోపలికి రామ్మా."

"ఇక్కడే బాగుంది ఆంటీ. అంకుల్‌ని పిలవండి."

ఆయన చేతిలో పేపరుతో వచ్చాడు. దీవి మీద చూసిన మనిషి కంటే పెద్దవాడిలా కనిపించాడు.

"మీ తాళం అంకుల్. ఏడేళ్ళుగా మీరు ఊరెళ్ళినప్పుడల్లా ఈ ఇంట్లోకి వచ్చి పోయింది నేనే. లోపలికెళ్ళి బీరువాలు, సొరుగులు అన్నీ చూసుకోండి. ఏదన్నా తక్కువైతే పోలీసులకి ఫోన్ చెయ్యండి. మీరు చూసుకొచ్చేదాకా నేను ఇక్కడే నిలబడతాను."

"ఏం మాటలమ్మా ఇవి! నిన్ను నేను అనుమానించానా?"

"నన్ను అనుమానించలేదు. మా ఊరిని అన్నారు. రెంటినీ మీరు విడదియ్యగలరేమో, నేను విడదియ్యలేను. వెళ్ళి చూసుకోండి."

ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. చిన్న జల్లు మొదలైంది. ఆంటీ ఆయన వైపు తిరిగి, నేనెన్నడూ ఆమె నోట వినని గొంతుతో అంది. "ఆ రైలు కథ ముప్పై ఏళ్ళుగా చెబుతున్నావు. వాళ్ళు మీ పెట్టె ఎత్తుకుపోయారా ఎప్పుడైనా? పోయిందా ఒక్కటన్నా?"

"పోలేదు" అన్నాడు అంకుల్.

"అయితే ఈసారి ఎవరికైనా చెప్పినప్పుడు అది కూడా కలిపి చెప్పండి అంకుల్" అన్నాను.

ఆంటీ తాళం నా చేతిలోనే తిరిగి పెట్టి వేళ్ళు మూసింది. "ఇది నీ దగ్గరే ఉండాల. నాకు నీ మీద నమ్మకం."

ఆమె మంచితనానికి నా కళ్ళు చెమర్చాయి. అయినా వేళ్ళు విప్పాను. "వద్దు ఆంటీ. మీరు నమ్మితే నాకు సంతోషమే. కానీ మా వాళ్ళు మంచివాళ్ళని రుజువు చెయ్యడానికి నేను మీ మొక్కలకి నీళ్ళు పొయ్యను. నా అంతట నేను మీ ఇంటికి వస్తాను, మీతో టీ తాగుతాను. తాళం మాత్రం వద్దు."

తాళం ఆమె చేతిలో పెట్టి కారు దగ్గరికి వచ్చేశాను. లోపల కూర్చున్నాను, బెల్టు పెట్టుకోవడం మర్చిపోయాను. మా అమ్మాయి సీటు బెల్టు తనే లాగి నాకు పెట్టింది. "యూ ఆల్ రైట్, అమ్మా?" అంది. "గ్రాండ్" అన్నాను, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్ళు అనే తీరులో. ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత ఏమైందంటే, అంకుల్ నాకు సారీ చెప్పలేదు. కనిపిస్తే పలకరిస్తాడు, నేనూ పలుకుతాను. నేను లేని చోట ఆ రైలు కథ ఇంకా చెబుతున్నాడేమో నాకు తెలియదు. ఆంటీ మాత్రం నెలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ గురించి ఏదో ఒకటి అడుగుతుంది. వీధిలో స్నేహితురాలు దూరమైంది. ఆమె బిడ్డ నన్ను చూసి చేతులు చాస్తే ఇబ్బందిగా నవ్వుతుంది. నేను ఎత్తుకుంటాను, దించుతాను, వచ్చేస్తాను. కొన్ని పండగలకి మాకు పిలుపులు రాలేదు. ఆ ఏడు దీపావళికి మా కాలనీలో ఉన్న ఐరిష్ వాళ్ళనీ, మా ల్యాబ్ వాళ్ళనీ పిలిచి, గార్డెన్లో దీపాలు పెట్టుకున్నాం. ఇల్లు పట్టలేదు.

మా ఆయన మాట చెప్పాలి. చాలా నెలల పాటు మా మధ్య ఆ సంగతి రాలేదు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, నేల వైపే చూస్తూ చెప్పాడు. టీమ్‌లో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడు "మీది ఎక్కడ సార్" అని అడిగాడట. "నెల్లూరు అనబోయి, పేట పేరుతో సహా చెప్పేశా. సెటిల్‌మెంట్ అని కూడా చెప్పా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలా. లంచ్‌కి పోదామా సార్ అన్నాడు." బూట్లు పక్కన పెట్టాడు. "ఇన్నేళ్ళూ అంత బరువుగా మోశానే... చెప్పడానికి ఒక్క నిమిషం పట్టలేదు."

ఆయన కోసం ఆ పూట చేపల పులుసు చేశాను, మా నాయనమ్మ పద్ధతిలో, చింతపండు గట్టిగా తగిలించి.

ఇప్పుడు ఎవరు కలిసినా, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, నేను మా ఊరి పేరు చెబుతాను. కొందరి కళ్ళు నా చేతుల మీదికి పోతాయి. పోనివ్వండి. ఈ చేతులు పరీక్ష చేసి పంపిన మాత్రలే వాళ్ళ అమ్మానాన్నలు బీపీకి వేసుకుంటున్నారేమో.

ఈమధ్య మా ప్లాంటులో యూనివర్సిటీ నుంచి కొత్త విద్యార్థులు ట్రైనింగుకి చేరారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మధ్యాహ్నం క్యాంటీన్ క్యూలో నా ముందు నిలబడిన ఒకమ్మాయి వెనక్కి తిరిగి, "మేడమ్, మీరు తెలుగేనా? ఏ ఊరు?" అని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. చుట్టూ చూసింది. తనతో వచ్చిన తెలుగు కుర్రాళ్ళు మా వెనకే ఉన్నారు. నా దగ్గరికి జరిగి, దాదాపు పెదవులు కదపకుండా అంది.

"అక్కా, నాదీ అదే ఊరు. స్టేషన్ వెనక వీధి. వీళ్ళకి ఒంగోలని చెప్పా."

ఆ పిల్ల వయసులో ఊరు విడిచి వచ్చి, ఆ పేరు నోట్లోనే నమిలి మింగిన ఎంతమందో నా కళ్ళ ముందు మెదిలారు.

"గట్టిగా చెప్పు" అన్నాను.

"అక్కా..."

"నేను నీ పక్కనే ఉన్నా. గట్టిగా చెప్పు."

ట్రే గట్టిగా పట్టుకుంది. ఒకసారి ఊపిరి తీసుకుంది. చెప్పింది. క్యూలో వెనకున్న కుర్రాళ్ళు ఇద్దరూ ఫోన్ల లోంచి తలెత్తారు. ఒకడు రెండోవాడి వైపు చూశాడు. ఆ పిల్ల వాళ్ళ వైపు పూర్తిగా తిరిగి, "అవును, ఆ ఊరే. మాది అక్కడే" అని ఇంకోసారి, ఈసారి నేను చెప్పకుండానే చెప్పింది.

మేమిద్దరం సూపు తీసుకుని, మూలకి పోకుండా, అందరి మధ్యనున్న బల్ల చూసుకుని కూర్చున్నాం. వాళ్ళ అమ్మ ఎవరు, మా అమ్మకి ఏమవుతుంది, ఊళ్ళో నీళ్ళ ట్యాంకు బాగుచేశారా లేదా అని మా యాసలో మాట్లాడుకున్నాం, పక్క బల్లలకి వినపడేంత గట్టిగా.